వెనకిరుసు

టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతా ఉంటే
టైరునే తిట్టినా.
రెండుతూర్లు మార్చినా. మూడోది కొనేదానికి
చిత్తూరొచ్చినా.
"పాపం టైరుది కాదబ్బా, జీపును లేపు" అనె
గిరింపేట సందులో వెల్డింగు షెడ్డు దొరసామి.

నాలుగు రాతిదిమ్మెల మీదికెత్తి
చక్రాలూడబీకి, ఇరుసులు లాగి, ఆయిలంతా వంచేసి,
హౌసింగు రెండు కొసల్లో సమానంగా చెక్కముక్కలు పెట్టి
వాటి మీద నూలుదారం బిగించె.
కూతురు చెంగమ్మ, తొమ్మిదో తరగతి,
మోకాళ్ల మీద కూచోని స్కేలు పెట్టి
"ఆరు మిల్లీమీటర్లు దిగింది నాయినా" అనె,
ఎవురివో మార్కులు చదివినట్టు.

ఆరు.
చిటికెనవేలంత మందం కూడా లేదు.

"ఏం మోసినావు దీంట్లో?"
చెప్పినా. చింతపండు బస్తాలు, తోతాపురి కాయ,
పాలక్యాన్లు, పెండ్లికి పద్దెనిమిది మంది,
కాలిరిగిన ఎద్దు ఒకతూరి.
"ఇవి కాదు. ఇంకోటుంది."
ఆస్పత్రిలో డాక్టరు కూడా అంత గట్టిగా అడగడు.

ట్రాన్స్‌ఫార్మరు.
కరెంటోళ్ల లారీ బంగారుపాళ్యం దాటి
గుండ్లకోన వంక కాడ నిలబడిపోయె.
"రోడ్డేసినాక తెస్తాం" అని లైన్‌మ్యాను బీడీ ముట్టించె.
రోడ్డెప్పుడేస్తారని ఎవురూ అడగలే.
ఎనిమిదిమంది పట్టి నా జీపులోకి తోసిరి.
వంకలో రెండో బండ మీద
వెనక చక్రం ఎగిరిపడె.
ఒక మూలుగు. ఇనుముదో, నాదో.
ఆ రాత్రి మునిలచ్చుమ్మ ఇంట్లో బల్బెలిగింది.
ఊరంతా దాని కింద నిలబడి
ముసురుకునే పురుగుల్ని చూసినారు.
నేనూ చూసినా.
జీపు కిందికి మాత్రం చూళ్లే.

గొలుసేసి, జాకీ పెట్టి
రవ్వొంత రవ్వొంత వెనక్కి తెచ్చె దొరసామి.
"నాలుగు... రెండు... ఒకటి...
చాలు నాయినా, ఇంక లాగితే ఆ పక్కకు పోతుంది."
మందం పలకను విల్లు మాదిరి కోసి
ఈ స్ప్రింగు కాడ్నించి ఆ స్ప్రింగు కాడికి
అడుగున కడుపు కట్టినట్టు ఆనించె.
బండ తగిలితే జారిపోవాలని
అంచులు ఆకురాయితో గుండ్రంగా రాకె.

అతుకు ఒక్క దెబ్బకు వెయ్యడు.
ఎడమ పక్క బొటనవేలంత,
కుడి పక్క బొటనవేలంత,
ఆగి, చెయ్యి పెట్టి చూసి,
యాడనో దూరంగా ఇంకోటి.
"ఒక పక్కనే కాలిస్తే ఆ పక్కకే లాక్కుంటుంది,
ముద్దుచేసిన బిడ్డ మాదిరి."
చెంగమ్మ నల్లద్దం వెనకనించి "ఊఁ" అనె.

నడిమి గుండు పోత ఇనుము.
దానికి వేరే కడ్డీ, వేరే మర్యాద.
ముందు మంటతో వెచ్చజేసి, అతికినంతా
చిన్న సుత్తితో తట్టుకుంటా పోయె.
నేను చెంబుతో నీళ్లు తెస్తే
"ఏయ్, పోసేవు! పగుల్తాది!
నీళ్లు నువ్వు తాగు. దానికి బూడిద."

ఇటుకబట్టీ బూడిద, పైన గోనెపట్టలు.
రాత్రి షెడ్డు ముందర సంగటి తిని
కాట్పాడి బస్సులు లెక్కబెడతా పండుకున్యా.
నడిజామున లేచి గోనె కిందికి చెయ్యి పోనిస్తే
ఈనిన ఆవు పొట్టంత వెచ్చన.
గమ్మున చెయ్యి తీసుకున్యా.

నా కాడ సగం డబ్బే ఉండింది.
"మిగతాది చింతపండు" అనె. "గింజ తీసింది."

ఏడాదికోతూరి దారం కట్టి చూసుకోమనిరి.
నాకు స్కేలు చదివేది రాదంటే
చెంగమ్మ నవ్వలే.
వెదురుపుల్లకు కత్తితో గాటు పెట్టిచ్చె:
"దారం ఈ గాటు దాటితే బిరిగా వొచ్చేయన్నా."

వంకలో రెండో బండ కాడ
చెవులు రిక్కించినా. నీళ్ల చప్పుడే.
గట్టెక్కి ఆపి, కిందికి దూరి చూస్తే
పలక మీద కొత్త గీరు ఒకటి, మెరుస్తా.
పైన ఊరిబయట
ట్రాన్స్‌ఫార్మరు దాని పాటికది గుయ్యిమంటా ఉంది.

పుల్ల డాష్‌బోర్డు మీదే ఉంది.
"ఇదేందినా?" అని అడిగినోళ్లకు
పళ్లు కుట్టుకునేదని చెప్తా ఉండా.