మొదటి మూడు నిమిషాలు

రుస్తావీలో ఆ తొమ్మిదంతస్తుల మేడకి
పోయినేడాదే మునిసిపాలిటీ వాళ్లు
గుడ్డు సొన రంగు వేశారు.
దాన్ని మళ్లీ బూడిద చేయడం నా పని.

నాలుగు రోజులు, ఇరవై ఆరు డబ్బాలు.
మూడో అంతస్తు కిటికీలోంచి ఒకాయన తల పెట్టి
"లోకం ఎప్పుడు అంతమవుతుందోయ్?" అన్నాడు.
"గురువారం. వాన యంత్రం వస్తే."
"అయ్యాక మళ్లీ పసుపు వేస్తారుగా?"
కాంట్రాక్టులో ఉందన్నాను.

స్క్రిప్టు మొదటి పేజీలో
సంవత్సరం ఉండేది, నల్ల తెర మీద తెల్ల అంకెల్లో.
యుద్ధం పేరు, ప్రభుత్వం పేరు,
నీళ్లెందుకు లేవో మూడు వాక్యాలు.
ఖతూనా పెన్నుతో అడ్డంగా కొట్టేసింది.
"చీకట్లో కూర్చున్నవాడికి పాఠం చెప్పకండి.
కుర్చీలో సర్దుకునేలోపే
వీపుకి చలి తెలియాలి."

సరే, గోడ చేతే చెప్పించాం.
పట్టపగలు వీధి దీపాలు వెలిగించి వదిలేశాం.
బాల్కనీల్లో పూలకుండీలు దించేసి
వాటి అడుగున గుండ్రటి మరకలు మాత్రం ఉంచాం.
ఉయ్యాలకి గొలుసులుంచి పలక తీసేశాం.
గడ్డిలోని పచ్చదనాన్ని
తర్వాత ఎడిటింగ్ గదిలో పిండుతామన్నారు.
పిచ్చుకల సంగతేమిటంటే
సౌండు కుర్రాడు నవ్వాడు: "అవి ఉండవు.
లేవని ఎవరూ గమనించరు,
భయం మాత్రం వేస్తుంది."

ఇంత చేసినా ఫ్రేము
అద్దెకి తెచ్చిన కోటులాగే ఉంది.
ఒంటికి సరిపోయింది, వాసన ఇంకెవరిదో.

క్యూలో నిలబడ్డానికి ఆ మేడవాళ్లనే పిలిచాం,
రోజు కూలీ, వేడి సూపు.
అరవై మంది. తలా ఒక రేషన్ కార్డు,
నేనే టీ నీళ్లలో ముంచి ముసలివి చేసినవి.
ఐదో టేకు మధ్యలో నజిబ్రోలా,
ఏడో అంతస్తు, ఒకప్పుడు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడిపిన మనిషి,
వరుస దాటి వచ్చి
కుళ్లిన చేపని వెనక్కిచ్చినట్టు కార్డు వెనక్కిచ్చింది.

"కాగితమైతే లాక్కుపోతారు నాయనా.
తొంభై రెండు చలికాలం మాకు
నంబరు అరచేతిలో రాసేవాళ్లు.
క్యూలో ఎవరూ ముందుకి చూడరు. ఏముంది, వీపులేగా.
వెనక ఎవరు చేరారో చూస్తారు.
సంచీ ఊపుకుంటూ నిలబడరు,
మడిచి కోటు లోపల పెట్టుకుంటారు.
ఖాళీ సంచీ కంటబడితే
రొట్టె సిగ్గుపడి అయిపోతుంది."

ఖతూనా కెమెరా ఆపించలేదు.

నా బ్రష్షుతోనే రాశాను: నూట పద్నాలుగు.
వాన యంత్రం దగ్గి మొదలైంది.
ఎవరూ చెప్పకుండానే ఆమె చెయ్యి
చంకలోకి వెళ్లిపోయింది,
పిల్లి తన కూనని కరుచుకు పోయినట్టు.
అంకె తడవకూడదు.

గోడ అప్పుడు బూడిదైంది.
దీపాలు, మరకలు, పలక లేని ఉయ్యాల
అన్నీ ఒకే ఊరివయ్యాయి.

భోజనాల దగ్గర ఖతూనా గొణుగుతోంది:
"లోకం వచ్చింది సరే, పరుగేదీ?
ఇది చూసి జాలిపడతారు. గుండె దడదడలాడాలి కదా."
నజిబ్రోలా సూపులో రొట్టె ముంచుతూ,
"పక్క మనిషి చేతిలో కూడా
నూట పద్నాలుగే ఉంటే?" అంది.

చెంచాలు ఆగాయి.

"అలా జరిగిందా?"
"ఒకసారి."
"అప్పుడు?"
ఆమె బొటనవేలితో అరచేయి రుద్దుకుంది.
నా రంగు ఇంకా వదల్లేదు.
"ఒక అంకె చెరిగింది," అంది.
ఎవరిదో చెప్పలేదు.
ఉప్పు ఇటివ్వమంది.

సినిమా ఇప్పుడలాగే మొదలవుతుంది.
ముందు వాన, తర్వాత వీపులు,
ఒక అరచేయి, ఇంకో అరచేయి.
మాటల్లేవు. ఏ సంవత్సరమో ఎవరూ అడగలేదు.
తిబిలిసి హాల్లో చివరి వరుస నుంచి
నేను తెర చూడలేదు, తలలు చూశాను.
రెండో అరచేయి తెరుచుకోగానే
నా ముందు కుర్చీలో ముసలాయన
మెల్లిగా తల తిప్పి
తన వెనక ఎవరున్నారో చూశాడు.

నేను ఏమీ తెలియనట్టు
పాప్‌కార్న్ నమిలాను.