పదకొండో గడి

బెంగుళూరులో భూమికి బరువు కాని హోటళ్ళ
జాబితా ఒకటి తయారుచెయ్యమని
నాకు నెల జీతం.
చేతిలో పద్నాలుగు గడుల ఫారం,
సంచిలో స్ప్రింగు త్రాసు,
నెత్తిన మార్చి.

మొదటిది ఇందిరానగర్‌లో.
గోడనిండా నాచు. నిజం నాచే, గిల్లి చూశాను.
కొబ్బరి చిప్పల గిన్నెలు, వెదురు గొట్టాలు,
మెనూ కాగితంలో తులసి విత్తనాలున్నాయట,
తిని వెళ్ళి కుండీలో పాతుకోవచ్చట.
మేనేజరు పొన్నప్ప అవకాడో తొక్క తీసినంత మెత్తగా మాట్లాడాడు.
ఆ కాయ ఏ విమానం దిగిందో నేనడగలేదు,
ఫారంలో ఆ గడి లేదు.
వెనక సందులో డ్రమ్ము తూచాను:
ముప్పై ఒక్క కిలోలు.
కొరికి వదిలిన రొట్టెలు, ఎవరూ ముట్టని ఆకులు,
పైన అలంకారానికి పెట్టిన పువ్వు
అలంకారంగానే ఉంది.
పద్నాలుగింట పన్నెండు వేశాను.

జయనగర్లో నిలబడి తినే దర్శిని.
కుర్చీ లేనిచోట ఎవరూ కంచంలో వదలరని
ఆవేళ తెలిసింది.
కానీ స్టీలు లోటా ముందుంటే
కాగితం కప్పులో పొయ్యమని అడిగేవాళ్ళే,
నిలబడ్డ చోటే తాగడానికి!
తొమ్మిది.

పదిహేడోది కగ్గదాసపుర.
రైలు గేటు దాటి, టైర్ల కొట్టు పక్కన
ఓబులమ్మ మెస్సు.
సంగటి, మునగాకు పప్పు, చెనిక్కాయల ఊరిబిండి.
రాగులు మడకశిర నుంచి బస్సు టాపు మీద వస్తాయి,
ఆకు ఎదురింటి చెట్టుది.
ఒక్కో గడీ నిండుతోంటే
నాకే ఉద్యోగమొచ్చినంత సంబరం.

అప్పుడు కంచం వచ్చింది.
స్టీలు కంచమే. దాని మీద
ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్ కవరు,
దాని మీద సంగటి.

పదకొండో గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఏంది సామీ, రాసుకుంటాండావు?
బోరు ఎండి ఇరవై దినాలాయ.
ట్యాంకరోడు పోయిన వారం వెయ్యి, ఈ వారం రెండువేలు.
తట్ట కడగాలంటే రెండు చెంబులు.
కవరు పీకి పారేస్తే ఆ నీళ్ళు మిగుల్తాయి,
మిగిలితే రేపు పొయ్యి మీద ఎసురు.
నీ కాయితంలో చూసి చెప్పు,
ఏ పాపం చిన్నది?"

విస్తరాకులు వాడొచ్చు కదా అన్నాను.
"ఆకు నాలుగు రూపాయలు. నా అన్నం యాభై.
లెక్క నువ్వే వెయ్యి."

వెయ్యలేక లేచి వెనక్కి వెళ్ళాను.
డ్రమ్ము లేదు, బకెట్టు.
కరివేపాకు రెబ్బలు, రెండు మిరపకాయలు,
తొమ్మిది వందల గ్రాములు. అరవైమంది తిన్నాక.
పక్కన మూటగా ఆ అరవై కవర్లు.
కొక్కానికి తగిలించాను.
ముల్లు కదల్లేదు.
మా మనవల మనవల దాకా ఉండే వస్తువుకి
నా త్రాసులో బరువు లేదు.

గిన్నెలు తోమే దీపెన్ నవ్వాడు.
వాళ్ళ అస్సాంలో ఏటా నీళ్ళే ఇంట్లోకొస్తాయట,
ఇక్కడ చెంబుకి లెక్క రాస్తున్నాడు.

కవరు లేకుండా నాకొక కంచం పెట్టమన్నాను.
"నీ నీళ్ళతో నువ్వే కడుక్కో" అంది.
తిన్నాను. వేలితో అంచులు కూడా నాకాను.
నా సీసాలో నీళ్ళు వంచి కడిగాను,
అరగ్లాసు పట్టింది.
సీసా ప్లాస్టిక్కే.

పదకొండో గడి ఖాళీగా పంపాను.
పూర్తిచేసి పంపగలరని తిప్పికొట్టారు.
రెండుసార్లు.
నాచుగోడ హోటలుకి తలుపు మీద
ఆకుపచ్చ స్టిక్కరు అంటించారు.

నిన్న రాత్రి వాన, ఊరంతా.
పొద్దున్నే ఫోన్ చేశాను:
"నీళ్ళొచ్చినాయా ఓబులమ్మా?"

"బోర్లో ఇంగా లేదు సామీ,
మోరీలో వచ్చినాయి.
కవర్లు తేల్తాండాయి."