పాచి పొట్లం

సాల్ట్ లేక్ సిటీ. యూనివర్సిటీ నేలమాళిగ.
కిటికీ లేదు. తేమ కొలిచే యంత్రం గోడ మీద
ముప్ఫై దగ్గర కునుకు తీస్తుంటుంది.
పొట్లం విప్పడం, ఫొటో తీయడం,
చీటీ మీది మాట కంప్యూటర్లోకి ఎక్కించి
మళ్ళీ పాత మడతల్లోనే మడవడం.
రోజుకి నూట ఇరవై.

"అంత చదివి పాచిపనికి కుదిరావా?"
ఫోన్లో అక్క పడీపడీ నవ్వింది.
తప్పు తనది కాదు, మన మాటే అంత.
పళ్ళ మీద గార పాచి, నిద్రలేచిన మొహం పాచి,
రాత్రి మిగిలిన కూర పాచి,
నీళ్ళ గట్టున కాలు జార్చేదీ పాచే.
వేల రకాలకి ఒకే పేరు పెట్టి
కడిగేసుకుని ఊరుకున్నాం.

పొట్లం 4417. జూన్ 1938. డీప్ క్రీక్ కొండలు, ఊట పక్కన.
"ఇండియన్లు నూరి, కాలిన గాయాలకి పట్టిస్తారు.
చెప్పింది: ఒక ముసలమ్మ."
ఇండియన్లంటే నేను కాదు.
సేకరించినాయన పేరు మూడు ముక్కల్లో, కింద గీతతో సహా ఉంది.
ముసలమ్మ పేరుండాల్సిన చోట ముసలమ్మ.
ఆ గడి ఖాళీగా వదిలితే ఎర్రగా మెరుస్తుంది.
"తెలియదు" అని కొట్టాను.
పచ్చగా మారింది.

అక్టోబరులో లూవెల్లా హూపర్ వచ్చింది,
ఇబాపా నుంచి, తనే కారు నడుపుకుంటూ.
గోషూట్ మనిషి. మోకాలికి పట్టీ, సంచిలో సొంత భూతద్దం.
కుర్చీ వేస్తే కూర్చోలేదు.
"మా నాయనమ్మ మాట మీ దగ్గరుందట."

చీటీ చదివి ముందు నవ్వింది.
"ముసలమ్మా! అప్పటికి ఆమెకి నలభై ఆరు."
పొట్లంలో చిటికెడు గోధుమరంగు పొట్టు.
తడపొచ్చా అంది.
ఒక్క రెమ్మకి అనుమతి ఉందని
నియమం చదివి వినిపించాను. సిగ్గేసింది.
డ్రాపరుతో ఒక చుక్క.
ముడుచుకుపోయిన ఆకులు
ఎవరో పిలిచినట్టు ఒక్కొక్కటే ఇటు తిరిగాయి.
ప్రాణం కాదది, నాకు తెలుసు.
అయినా పచ్చన.

"మా బాబాయి నాలుగేళ్ళప్పుడు పొయ్యిలో పడ్డాడు.
మోచేతి దాకా.
ఆమె చీకట్లో వెళ్ళి తెచ్చి, రాతి మీద నూరి పట్టించింది.
ఎండితే తడి, మళ్ళీ ఎండితే మళ్ళీ తడి.
తెల్లారేదాకా అతని చెయ్యి ఆమె ఒళ్ళోనే.
నూరి పట్టిస్తారని రాసుకున్నాడు కదా మీ ఆయన,
తెల్లారేదాకా అన్నది రాసుకోలేదు."

ఉత్సాహం ఆగక పక్క సొరుగు లాగాను.
కార్జం ముక్కలా పలచగా పరుచుకునే జాతి.
మరి దీన్ని మీరు దేనికి?
"అది మాది కాదు. సముద్రం వైపు వాళ్ళది.
వాళ్ళనడుగు."
సొరుగు మూశాను.

వెళ్తూ బల్ల మీద వేలితో
అక్షరం అక్షరం పేరు రాసి చూపించింది.
ఇక్కడ రాయను. ఆమె చెప్పింది ఆ గడి కోసం.
"పేరు ఉంచు. ఊట ఎక్కడో మాత్రం చెరిపెయ్.
ఇప్పటికే బూట్లు ఎక్కువయ్యాయి అక్కడ."

పై అధికారి సంతకం కావాలి అలాంటివాటికి.
సోమవారం దాకా రాడు.
పేరు కొట్టాను, రెండుసార్లు సరిచూసుకుని.
చోటు గడి ఖాళీ చేశాను.
ఎర్రగా మెరుస్తోంది.
మెరవనీ.