నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర

గెంట్‌లో, ట్రాము కీచుమని మలుపు తిరిగే చోట
మా ఆసుపత్రి మూడో అంతస్తులో
బీరువా అంత గది ఒకటుంది.
స్పాంజి గోడలు, ఒక కుర్చీ, ఒక మీట.
"కూత వినబడితే నొక్కండి" అంటాను.
ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం ఈ ఒక్క వాక్యం.

ఇవాళ వచ్చినావిడ గొడెలీవ్ డెక్‌మిన్.
యాభై మూడేళ్ళు. వృత్తి అన్న గడిలో
"గాయని" అని రాసి, కొట్టేసి,
"డీజే" అని రాసి,
కొట్టేసిన మాట కింద మళ్ళీ చుక్కలు పెట్టింది,
పోనీ, ఉండనీ అన్నట్టు.
హెడ్‌ఫోన్లు తగిలించబోతే నవ్వింది:
"ఒక చెవి బయటికి పెట్టుకోవడం అలవాటు."

పందొమ్మిదో ఏట, కోర్ట్రైక్‌లో
ఎవరిదో కారు షెడ్డులో, దుప్పట్లు వేలాడదీసిన మూల
తొమ్మిది మాటలు పాడిందట.
ఏడు సెకన్లు.
కూలి ఆరు వేల ఫ్రాంకులు, స్టేషను దాకా కారు.
రైలుకి వేళవుతోందని
సంతకం పెట్టిన కాగితం చదవలేదు.

ఆ ఏడు సెకన్లని తరిగి, అతికి, తిప్పి తిప్పి
ఆరు నిమిషాలు చేశారు.
వీడియోలో పెదవులు కదిపింది వేరే పిల్ల,
పొడగరి, పలువరస బాగున్నది.
"ఆ పిల్ల మీద కోపం లేదు.
దానికీ ఇచ్చింది ఆరు వేలే."

ఒక శనివారం, రహదారి పక్క క్లబ్బు ముందు
వానలో వరసలో నిలబడింది.
తలుపు తెరిచినప్పుడల్లా
తన గొంతు బయటికొచ్చి తన కోటు మీదే పడి
తలుపు మూయగానే తెగిపోయేది.
కాపలావాడు జాబితా అంతా వెదికి
"మీ పేరు లేదమ్మా" అన్నాడు.
మర్యాదగానే అన్నాడు.

వెయ్యి హెర్ట్జ్ పంపాను. నొక్కింది.
రెండు వేలు. నొక్కింది.

అదే క్లబ్బులో కోట్లు దాచే గల్లాలో చేరింది.
నంబరు బిళ్ళలిస్తూ గోడ అవతలి లయ లెక్కపెట్టేది.
ఒక పాట ఎక్కడ ఆగిపోతుందో,
ఇంకోటి కుట్టు కనబడకుండా ఎలా అందుకుంటుందో.
మంగళవారాలు ఖాళీ హాల్లో సాధన.
వినేది నేల తుడిచే యమీనా ఒక్కతే.
యమీనా తుడుపుకర్ర నెమ్మదించిందంటే
పాట మార్చాలని అర్థం.
"నాకు గురువంటూ ఉంటే ఆ కర్రే."

చేపల డబ్బాలో నూట పది రికార్డులు.
కుడి భుజం ఇప్పటికీ వాలే ఉంది.
ఓస్టెండ్, రిమినీ, నోవీ సాద్, ఇకీకే.
ఊళ్ళేవీ గుర్తులేవట, వెనక గుమ్మాలే గుర్తు:
సరుకుల లిఫ్టులు, మాడిన నూనె వాసన,
తెల్లారి అయిదింటికి నోట్లు లెక్కపెట్టే
నిద్రమొహం గుమాస్తాలు.

వూచ్‌లో ఒక రాత్రి కరెంటు పోయింది.
పాట ఆగినా మూడొందల జతల పాదాలు
ఇంకో నాలుగు దెబ్బలు ఆడుతూనే ఉన్నాయి.
ఆ పాదాల మీదకి ఎక్కి
మైకు లేకుండా ఆ తొమ్మిది మాటలూ పాడింది.
ఒక కుర్రాడు వచ్చి మెచ్చుకున్నాడు:
"అచ్చం అసలు దానిలాగే పాడావు!"

మూడు వేలు. ఆలస్యంగా నొక్కింది.
నాలుగు వేల దగ్గర
నా కాగితం మీది గీత గోతిలో పడింది.
పెంచాను. ఇంకా పెంచాను.
ఆపేశాను.
నేనేమీ పంపడం లేదు, అద్దం అవతల ఆమె
కళ్ళు మూసుకుని నొక్కుతూనే ఉంది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
వెంట్రుకవాసి తేడా లేదు.
మా పుస్తకాల్లో దీన్ని తప్పు జవాబంటారు.
అద్దం మీద తట్టి ఆపాలి.
పదహారు దాకా లెక్కపెట్టాను,
కుర్చీ కింద నా మడమ ఆడుతోందని
తర్వాత తెలిసింది.

ఫలితం చెబితే తలూపింది, ముందే తెలిసినట్టు.
ఆదివారాలు ఓస్టెండ్‌లో పెడుతోందట ఆట,
మధ్యాహ్నం మూడింటికి మొదలు,
అందరూ యాభై దాటినవాళ్ళు,
మోకాలి పట్టీలతో వస్తారు, తొమ్మిదికల్లా ఇళ్ళకి.
"తాళాల చప్పుడు ఎక్కువైతే
ముందు వరసలో వాళ్ళు మొహం చిట్లిస్తారు.
వాళ్ళని చూసి తగ్గిస్తాను."

లేచి కోటు వేసుకుంటూ
"రండి ఒకసారి, జాబితాలో రాయిస్తాను.
పేరు?" అంది.

చెప్పాను, అక్షరం అక్షరం విడదీసి,
కాస్త గట్టిగా,
బయటికి పెట్టుకునే ఆ చెవి వైపు.