రేకుల పద్దు

వారంలో ఆరు రోజులు
దోన్ ఎవారిస్తో రేవులో లాబ్‌స్టర్ తోకలు తూస్తాను.
ఏడో రోజు మొరేవియన్ గుడిలో కానుకలు లెక్కపెడతాను.
రెండుచోట్లా అదే పెన్ను.
ఎంత కడిగినా
నోట్లకి నీచు వాసన పోదు.

ఈ నెల పద్దు:
కొబ్బరికాయలు అమ్మగా వచ్చింది, కొంచెం.
ఆడవాళ్ళ కూటమి కసావా రొట్టెల మీద, ఇంకొంచెం.
జింకు రేకులు నూట నలభై, మేకులతో సహా.
దాత, దోన్ ఎవారిస్తో.
"పేరు పెద్ద అక్షరాలతో రాయి సిస్టర్ రోసీనా" అన్నారు సంఘ పెద్దలు.

నిరుటి తుఫాను
మా మిస్కీతు తీరమంతా ఊడ్చి
గుడి కప్పుని మడ అడవిలో పారేసింది.
పదకొండు నెలలు ఆకాశం కిందే ఆరాధన.
వానొస్తే కీర్తన ఆపి
పిల్లల్ని బల్లల కిందకి తోసేవాళ్ళం.
ఆ పదకొండు నెలల్లో
ప్రసంగానికి ఒక్కరూ కునుకు తీయలేదు.

లెస్టెల్ మా చెల్లెలి కొడుకు. పంతొమ్మిదేళ్ళు.
ఒక్కరోజులో పదమూడు టాంకులు,
నూట ఇరవై అడుగుల అడుగున.
లోతు చెప్పే గడియారం లేదు,
ఊపిరి ఎంత మిగిలిందో చెప్పే ముల్లు లేదు.
పైకొచ్చి సిగరెట్ అడిగాడట.
వెలిగించి ఇచ్చేలోపు
నడుం కింద వాడు లేడు.

మా అమ్మ అంటుంది: లివా మైరిన్ పట్టింది.
నీళ్ళ అడుగున జుట్టు దువ్వుకునే ఆ దొరసాని
తన మందని మితిమీరి తోలుకుపోయినవాణ్ణి
నడుం దగ్గర విరుస్తుందట.
సంఘ పెద్ద వాల్డన్ అంటాడు: రమ్ము తాగేవాడు,
దేవుడు చూస్తూ ఊరుకుంటాడా.
ఆసుపత్రి నర్సు అంది: రక్తంలో గాలి బుడగలు.
మూడూ విన్నాను.
మూడింట్లోనూ దోన్ ఎవారిస్తో పేరు లేదు.
చిన్న అక్షరాలతో కూడా.

ఆ తోకలు తూచింది నేనే.
త్రాసు పళ్ళెం కింద సీసం బిళ్ళ ఉంది.
తొమ్మిదేళ్ళుగా నాకు తెలుసు.
ప్రార్థనలో ఒప్పుకున్నాను, దేవుడి దగ్గర మాత్రమే.
ఆయన ఎవరికీ చెప్పలేదు.

ప్రతిష్ఠ ఆదివారం.
మా గుడి గంట కూడా ఒక ఖాళీ టాంకే,
ఇనుపకడ్డీతో కొడతాం.
మొదటి బల్ల మీద దోన్ ఎవారిస్తో, ఇస్త్రీ చొక్కా.
పాస్టర్ నోర్బెర్తో ఆ అధ్యాయమే ఎందుకు తీశాడో
ఇప్పటికీ చెప్పడు:
పక్షవాతంతో ఒకడు, పరుపు, మోసుకొచ్చిన నలుగురు,
జనంతో కిక్కిరిసిన ఇల్లు,
కప్పు విప్పి లోపలికి దించడం.
చదువుతూ చదువుతూ తల ఎత్తి
కొత్త రేకుల వైపు చూశాడు.
అందరం చూశాం.
ఒక పసిబిడ్డ ఏడుపు మొదలెట్టి
తనంతట తనే మానుకునేంతసేపు.
తర్వాత పుస్తకం మూసి "పాడదాం" అన్నాడు.
అంతే. ప్రసంగం లేదు.

గుడికి ఐదు మెట్లు. లెస్టెల్ రాలేదు.
చేపల పులుసు పట్టుకెళ్ళి జరిగింది చెప్పాను.
నవ్వాడు.
"పెద్దమ్మా, నా కాలికి ఎన్ని రేకులొస్తాయి?"

లెక్క నా పని కదా,
దారి పొడుగునా వేశాను.
వాడు మునిగిన రోజులు, తెచ్చిన తోకలు,
సీసం బిళ్ళ తిన్న బరువు.
కాలికి మూడు రేకులు.
మేకులు అదనం.

రాత్రి పద్దు పుస్తకం తెరిచి
దాత పేరు కొట్టేసి రాయడం మొదలెట్టాను:
లెస్టెల్. బోనిఫాస్. ఎక్లన్.
టేలర్ అన్నదమ్ములిద్దరూ.
శవమైనా దొరకని ఆ సందీ ఊరి కుర్రాడు,
వాడి పేరు ఎవర్ని అడగాలి?
గీతలు చాలక పేర్లు అంచులోకి పాకాయి.
పెద్దలు చూస్తే పుస్తకం మారుస్తారు.
బహుశా నన్నూ.

ఇప్పుడు సోమవారం, ఇంకా తెల్లారలేదు.
త్రాసు కింద బోర్లా పడుకున్నాను.
గోరు విరిగింది, బిళ్ళ రాలేదు,
చేపల కత్తి అందుకున్నాను.
మలుపు అవతల పడవ ఇంజను వినబడుతోంది.
ప్రభువా,
ఉన్నావా అని అడిగే తీరిక లేదు.
ఉంటే
దీపం కాస్త ఇటు పట్టు.