కత్తెర

ఆదోనిలో, పత్తి మార్కెట్ ఎదురు వీధిలో
మా మందుల షాపుకు బోర్డు కంటే కత్తెరే గుర్తు.
అట్టకట్ట కొనేవాళ్లు తక్కువ.
"రెండియ్యన్నా." "నాలుగు చాల్లే."
కత్తిరిస్తే మందు పేరు సగానికి తెగుతాది,
తారీఖు ఒక ముక్కలో, ధర ఇంకో ముక్కలో,
జాగ్రత్తలు రాసిన కాగితం
చెత్తబుట్టలో.

ఉరుకుందమ్మది జిన్నింగ్ మిల్లులో పని.
కనుబొమల మీద నూగు, కొంగుముడిలో నూగు,
ఇచ్చే పది నోటుకూ నూగు.
"నడుము ఇరిగిపోతాందన్నా, ఆ పచ్చ మాత్రియ్యి."
ఇచ్చినా. రోజుకు రెండు. ఒక నెల, ఇంకో నెల.
చీటీ అడగలేదు.
అడిగితే ఎదురు షాపుకు పోతారు.

నాకు తెలీంది ఇదీ:
నెలకోసారి మంత్రాలయం పేరు చెప్పి
ఆ యమ్మ కర్నూలు బస్సెక్కేది.
పెద్దాసుపత్రిలో తలుపు మీది బోర్డు చూడకుండా
తలొంచుకోని పోయే గది ఒకటుంది.
"ఏం పోగొట్టుకున్న్యావమ్మా?"
"ఏం లేదు సార్. ఊరికే ఏడుపొస్తాది."
వాళ్లిచ్చిన చిన్న తెల్ల మాత్రను
జొన్నల డబ్బాలో దాచి
మొగుడు పనికి పోయినాక మింగేది.
అది పనిచేసింది, ఆ మాటా చెప్పాల.
ఎండలు ముదిరేనాటికి
సద్దిలోకి మళ్లా మిరపకాయ నంజుకునిందంట.

నా పచ్చ మాత్ర, ఆ తెల్ల మాత్ర
ఆ కడుపులోనే ఒకదాన్నొకటి చూసుకున్నాయి.
ఒకటి కడుపు గోడను గీరుతా పోయింది,
ఒకటి నెత్తురుకు గడ్డకట్టే పని మరిపించింది.
రెండూ మంచివే. విడివిడిగా.

మొదట మోచేతుల మీద వంకాయ రంగు మచ్చలు.
కొళాయి కాడ ఆడోళ్లు లెక్కపెట్టినారు.
"ఈరన్న కొడతాండాడు."
పత్తి బోరాలు మోసే ఈరన్న
ఆ మాట మోయలేకపాయ.
కొట్టలేదని చెప్పేదానికి
ఎందుకొచ్చినాయో ఆమెకు తెలిస్తే కదా.

పండ్లు తోముకుంటే ఎర్రటి ఉమ్మి.
దొడ్డికి పోతే తారు మాదిరి నలుపు.
నడుము నొప్పి పదిమందికి చెప్పుకోవచ్చు,
మనసు నొప్పి చెప్పుకోకూడదు,
దీనికైతే మాటే లేదు.

ఒక బేస్తవారం మిల్లులో
తెల్లటి పత్తి మీద కక్కింది,
కాఫీ పొడి నీళ్లలో కలిపినట్ల.

బతికింది. మూడు సీసాల నెత్తురు ఎక్కించినాక.
అప్పుడడిగింది డాక్టరమ్మ:
"ఇంకేమన్నా మింగుతాండావా తల్లీ?"
ఎవురూ పొమ్మనకుండానే
ఈరన్న లేచి వరండాలోకి పోయినాడంట.

ఇప్పుడు నేనూ అడుగుతాండా.
కొందరు నవ్వుతారు.
కొందరు ఎదురు షాపుకే పోతారు.
నిన్న ఒక పిల్ల, బడి యూనిఫాంలో,
గుప్పిట్లో చెమట పట్టిన చిల్లర:
"మాయమ్మకు మోకాళ్ల నొప్పి, రెండియ్యన్నా."
"మీయమ్మ ఇంకేమన్నా మాత్రలు మింగుతాదా?"

ఆ పిల్ల వీధి అటుపక్క చూసింది,
ఇటుపక్క చూసింది,
గల్లా పెట్టె దగ్గరికి జరిగింది.

కత్తెర కింద పెట్టినా.