అవసరం లేదు

చెప్పుల దుకాణం మూసేసి మూడేళ్ళయింది.
మాల్‌లో మిగతావన్నీ అంతకుముందే పోయాయి.
జనవరిలో మేం తాళం తీసేసరికి
నేలకి ఆనించిన పొట్టి అద్దాలు మాత్రం
ఎవరి పాదాల కోసమో ఇంకా చూస్తున్నాయి.

మా కౌంటీ దగ్గర మందుంది, కుర్చీల్లేవు.
జాబితా ఉంది, ఫోనెత్తే చేతుల్లేవు.
బీమా కంపెనీకి చేతులున్నాయి, టెంట్లున్నాయి,
ఈ లోయలో మొహం చెల్లదంతే.
ఒక మంగళవారం జూమ్‌లో సంతకాలయ్యాయి.
పెళ్ళి కుదిర్చిందెవరో తెలీదు గానీ
కాపురం చెయ్యాల్సింది మేం.

నాది ముందు బల్ల.
ఇరవై రెండేళ్ళ గుమాస్తాగిరీ.
పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ
ఒకే పెన్నుతో రాసినదాన్ని.
పక్కన కంపెనీ తరఫున కార్విన్,
నీలం చొక్కా, మెళ్ళో నీలం తాడు.
అతని ఉద్యోగం ఒకే ఒక్క వాక్యం:
"కార్డు అవసరం లేదండీ, ఇక్కడ ఎవరికీ అవసరం లేదు."
పర్సులోకి వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయి
జనం అతని వైపు అనుమానంగా చూసేవాళ్ళు,
అడక్కుండానే కొసరు వేసిన
కొట్టువాణ్ణి చూసినట్టు.

మూడో రోజు వెర్నా హూదాక్ వచ్చింది.
ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి.
ఊళ్ళో సగం మందిని
వెనక చూసే అద్దంలోంచి గద్దించి కూర్చోబెట్టింది,
నాతో సహా.
గుమ్మంలో నీలం బ్యానరు చూసి ఆగింది.
బూట్ల చుట్టూ మంచు కరిగి మడుగు కట్టింది.
"కార్డు అవసరం లేదండీ," అన్నాడు కార్విన్.

"ఆ మాట మీవాళ్ళు నాకు ముందే రాశారు."

నాకు తెలుసు. ఎమిల్ మరణం నేనే నమోదు చేశాను.
గాజు ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు
సీసాల్లోకి తన ఊపిరి ఊదినవాడు.
డాక్టరు మందు రాశాడు.
అవసరం లేదని కంపెనీ రాసింది.
అప్పీలు పెట్టారు. అవసరం లేదు.
మూడోసారి రాయాల్సిన
అవసరం లేకుండా పోయింది.

నర్సు మాది, సూది వాళ్ళది, దూది ఎవరిదో.
వెర్నా మొహం గోడకి తిప్పుకుని వేయించుకుంది.
తర్వాత పదిహేను నిమిషాలు.
చెప్పులు తొడిగి చూసుకునే బల్లలు కదా,
కూర్చుంటే ఎదుటి అద్దంలో
మనుషులు మోకాళ్ళ దాకానే.
కౌంటీ బూట్లూ కంపెనీ బూట్లూ
ఒకే రోడ్డు ఉప్పుకి తెల్లగా చారలు కట్టి ఉన్నాయి.
ఆవిడ వాటినే చూస్తూ కూర్చుంది.

నాలుగు వారాలకి రెండో మోతాదు.
ఈసారి చంకలో ఫైలు.
సూది అయ్యాక కార్విన్‌ని పిలిచింది,
వెనక సీటు కుర్రాణ్ణి ముందుకి పిలిచినట్టే.
"నాకు పదిహేను నిమిషాలు ఖాళీ. పైకి చదువు."
"నాది ఆ విభాగం కాదండీ."
"తెలుసు. ఆ విభాగంలో ఎవరూ ఉండరు.
ఎన్నిసార్లు ఫోన్ చేశానో."

చదివాడు.
మొదటి కాగితం గడగడా, రెండోది నెమ్మదిగా.
రోజుకి నాలుగొందల సార్లు అనే మాట
చేప ముల్లులా గొంతుకి అడ్డం పడింది.
టైమరు మోగింది.
మీరిక వెళ్ళొచ్చు అనడం నా పని.
అనలేదు.

మార్చి ఆఖరికి ఒప్పందం తీరిపోయింది.
పేపర్లో ఫోటో, కమిషనరూ కంపెనీ పెద్దావిడా
మోచేతులు తాకించుకుంటూ.
ముప్పై ఒక్క వేల మందికి వేశామని కింద రాశారు.
అబద్ధం కాదు, ఆ లెక్క నాదే.
కార్విన్ బ్యానరు చుట్టి వ్యానులో పడేశాడు.
ఫైలు మాత్రం ముందు సీట్లో పెట్టుకున్నాడు.
ఏం చేస్తావని నేనడగలేదు.

సోమవారం సోమవారం వెర్నా ఫోన్ చేస్తుంది.
"కుర్రాడు ఏమైనా రాశాడా?"
ఇంకా లేదంటాను.
"సరే," అంటుంది,
"బస్సు ఆపే ఉంచాను."